సీ5 కార్వెట్ ఆటోమేటిక్ గేరుబాక్సుకు అదనపు కూలర్: జూన్ నుంచి డిసెంబరు దాకా

కారు 2002 షెవ్రొలె కార్వెట్, సీ5 తరం. 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 ఇంజను, 350 హార్స్‌పవర్, నాలుగు గేర్ల 4ఎల్60ఈ ఆటోమేటిక్, వెనక ఇరుసు నిష్పత్తి 2.73. మీటరు మీద 84 వేల మైళ్లు. ఉండేది డాలస్ శివారులో. నేను కారును వేగంగా తిప్పడానికి వెళ్లే ట్రాక్ ఫోర్ట్‌వర్త్‌కు నైరుతిన క్రెసన్‌లో ఉన్న మోటార్‌స్పోర్ట్ రాంచ్, 1.7 మైళ్ల చుట్టు.

ఈ కారు ఎరగనివారికి ఒక్క మాట. ఇందులో ఇంజను ముందు ఉంటే గేరుబాక్సు వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. గేరు ఆయిల్ చల్లబడాలంటే వెనక నుంచి ముందున్న రేడియేటర్ దాకా ఇనుప గొట్టాల్లో ప్రయాణం చేసి, అక్కడి పక్క ట్యాంకులో మునిగి తేలి, మళ్లీ వెనక్కి రావాలి. డాష్‌బోర్డులో గేరు ఆయిల్ వేడి అంకెల్లో కనిపిస్తుంది. పక్కనే ఉన్న ఇ/ఎం బటన్ నొక్కితే ఫారన్‌హీట్ సెల్సియస్ అవుతుంది. కింద రాసినవన్నీ సెల్సియస్ డిగ్రీలే.

దశ 1: కొలవడం

జూన్ 8. బయట 36. సెషన్ 20 నిమిషాలు, నేను 14వ నిమిషానికే బయటికి వచ్చేశాను. గేరు ఆయిల్ ఇలా పెరిగింది:

బయల్దేరినప్పుడు 82
5 నిమిషాలకు 104
10 నిమిషాలకు 121
14 నిమిషాలకు 133

ఇంజను నీళ్లు అప్పటికి 112. ఆయిల్ అతిగా కాగిందని చెప్పే పీ0218 కోడ్ పడలేదు, లైటూ వెలగలేదు. కానీ ఇంటికి వచ్చి కాస్త ఆయిల్ తీసి తెల్ల కాగితం మీద వేస్తే ఎరుపు పోయి ఇటుక రంగు వచ్చింది. వాసన కూడా మాడిన తాలింపు వాసన. 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు ఒక మోటు లెక్క చెబుతారు. ఆ లెక్కన 133 దగ్గర నేను ఆయిల్‌ను నడపడం లేదు, వేపుతున్నాను.

వేడి ఎక్కడ పుడుతోంది? ఎక్కువ భాగం టార్క్ కన్వర్టర్‌లోనే, అంటే ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగంలో. రెండు వైపులనూ కలిపి బిగించే లాకప్ క్లచ్ పట్టుకోనంత సేపూ అందులో ఆయిల్‌ను ఒక చక్రం చిలుకుతూ ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. గేర్ల నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. ఇరుసు 2.73 కాబట్టి ఈ ట్రాక్ మీద బండి ఎప్పుడూ రెండులోనే, అప్పుడప్పుడు మూడులో. లాకప్ దాదాపు పడదు. 3.15 ఇరుసు ఉన్న ఆటోమేటిక్ సీ5 మీ దగ్గర ఉంటే మీ అంకెలు నా కంటే కొంచెం నయంగా రావచ్చు.

డాష్‌బోర్డు చెప్పేది గేరుబాక్సు లోపలి సెన్సర్ వేడి మాత్రమే. గొట్టాల్లో బయటికి పోయేటప్పుడు ఎంత, రేడియేటర్ దాటాక ఎంత అన్నది అది చెప్పదు. అది తెలియకుండా కూలర్ కొనడం కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడమే.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది. ఇంట్లో పరారుణ థర్మామీటర్ పిస్తోలు ఉంటే గొట్టం మీద గురిపెట్టాను. 52 చూపించింది. అనుమానం వచ్చి వేలు ఆనించి చూస్తే అర సెకను కూడా ఆగలేకపోయాను. మెరిసే లోహం తన వేడిని సరిగ్గా వెలువరించదు. అది పక్కనున్న వస్తువుల వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది, పిస్తోలు దాన్ని చదువుతుంది. అదే గొట్టం మీద రెండు చుట్లు నల్ల టేపు చుట్టి మళ్లీ గురిపెడితే 97. ఒకే చోట 45 డిగ్రీల తేడా. ఆ పిస్తోలుతో కొలిచిన పాత కాగితాలన్నీ చించేశాను.

తరువాత తీగల ద్వారా వేడి కొలిచే రెండు ఛానళ్ల థర్మోకపుల్ మీటరు, గొట్టానికి బిగించే రెండు ప్రోబులు కొన్నాను. ప్రోబు మీద కాస్త నురుగు పట్టీ కప్పి కట్టాలి, లేకపోతే కారు కింద వీచే గాలి అంకెను పడేస్తుంది. హైవే మీద, ఏసీ వేసి, బయట 35 ఉన్నప్పుడు: గేరుబాక్సు నుంచి బయటికి 99, రేడియేటర్ దాటాక 86, డాష్‌బోర్డులో 91. మామూలు ప్రయాణానికి కంపెనీ ఇచ్చిన ఏర్పాటు చాలునని ఇక్కడే తేలిపోయింది. ట్రాక్‌కు వెళ్లనివారు ఇంకేమీ కొనకుండా రెండో దశ ఒక్కటే చేసుకుంటే సరిపోతుంది.

ఇప్పటివరకు: మీటరు 46, ప్రోబులు 18. మొత్తం 64 డాలర్లు, 3 గంటలు.

దశ 2: చెత్త

జూన్ 15. సీ5కు ముందు గ్రిల్లు లేదు. బంపరు కింద నుంచి గాలి పీలుస్తుంది. ముక్కు కింద వేలాడే మూడు ముక్కల రబ్బరు పలక రోడ్డు మీది గాలిని అడ్డగించి పైకి, రేడియేటర్ వైపు మళ్లిస్తుంది. గాలితో పాటు రోడ్డు మీద ఉన్నదంతా మళ్లిస్తుందన్నమాట. అది రేడియేటర్ ముందుండి ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీదుగా జారి, కండెన్సర్‌కు రేడియేటర్‌కు మధ్య సందులో చేరి అక్కడే కాపురం పెడుతుంది. ముందు నుంచి చూస్తే ఏమీ కనిపించదు.

1. ఇంజనుకు పోయే గాలిని వడకట్టే పెట్టె, దాని గొట్టం విప్పాలి. ఇంజను పూర్తిగా చల్లారాకే.
2. రేడియేటర్ పైనున్న బిగింపు విప్పి, గొట్టాలు లాగకుండా రేడియేటర్‌ను వెనక్కి వాల్చాలి. నాలుగు వేళ్ల సందు వస్తుంది, అంతే.
3. వాక్యూమ్ క్లీనర్‌కు సన్నని మూతి తగిలించి పైనుంచి లాగాలి.
4. మెత్తని బ్రష్షుతో రెక్కల వెంట నిలువుగా తోమాలి. అడ్డంగా తోమితే రెక్కలు వంగుతాయి.
5. చివర ఇంజను వైపు నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. ప్రెషర్ వాషర్ జోలికి పోవద్దు.

నా కారులో దొరికినవి: ఎండుటాకులు, ఒక పావురం ఈక, సగం ప్లాస్టిక్ సంచి, దూది లాంటి చెట్ల నూగు, ఎవరిదో పార్కింగు రసీదు. వంటింటి తూకం మీద పెడితే 210 గ్రాములు. కింది రబ్బరు పలక నడిమి ముక్క సగం చిరిగి వెనక్కి ముడుచుకుని ఉంది. వాకిట్లోకి ఎక్కేటప్పుడు గీసుకునే చప్పుడు రోజూ వింటూనే ఉన్నాను, అది అలంకారం అనుకుని వదిలేశాను. మూడు ముక్కలూ మార్చాను.

జూన్ 22. బయట 35. 14వ నిమిషానికి ఆయిల్ 124, నీళ్లు 103. ఈసారి 20 నిమిషాలూ తిరిగాను, చివరికి ఆయిల్ 129. కూలర్ పెట్టకముందే ఆయిల్‌లో 9, నీళ్లలో 9 తగ్గాయి. ఈ 82 డాలర్ల పనిని దాటవేసి తిన్నగా కూలర్ కొన్నవారు ఆ 9 డిగ్రీలను కూలర్ ఖాతాలో రాసుకుని మురిసిపోతుంటారు.

ఇప్పటివరకు: 146 డాలర్లు, 9 గంటలు.

దశ 3: కూలర్ బిగింపు

129 ఇంకా ఎక్కువే కాబట్టి కూలర్ తప్పదు. గొట్టం చుట్టూ రెక్కలున్న రకం చవక, కానీ అదే పరిమాణానికి పని తక్కువ. పలకలు పేర్చిన రకం తీసుకున్నాను: 28 సెంటీమీటర్ల పొడవు, 20 ఎత్తు, 4 మందం, 119 డాలర్లు. దీనికన్నా పెద్దది పట్టే చోటు ఉంది, పెట్టలేదు. అది ఎందుకు మంచిదయిందో నాలుగో దశలో తెలుస్తుంది.

వరస: గేరుబాక్సు, రేడియేటర్ ట్యాంకు, ఆ తరువాత కొత్త కూలర్, మళ్లీ గేరుబాక్సు. రేడియేటర్ ట్యాంకు ఆయిల్‌ను తన చుట్టూ ఉన్న నీళ్ల కంటే చల్లగా చేయలేదు. గాలి తగిలే కూలర్ చేయగలదు. అందుకే గాలిది చివర. తిరగేసి పెడితే కూలర్ చల్లబరిచిన ఆయిల్‌ను రేడియేటర్ మళ్లీ కాచి పంపుతుంది.

1. ఏ గొట్టం పోయేది, ఏది వచ్చేది అన్నది బొమ్మ చూసి నమ్మవద్దు. రేడియేటర్ దగ్గర రెండు గొట్టాలకూ ప్రోబులు కట్టి బండిని ఒకసారి బాగా తిప్పి తీసుకురావాలి. ఎక్కువ వేడిగా ఉన్నది వచ్చేది, తక్కువది వెనక్కి పోయేది. కోయాల్సింది రెండోదాన్నే.
2. గొట్టాన్ని తిప్పి కోసే కట్టర్‌తోనే కోయాలి. రంపం పెడితే రజను గేరుబాక్సులోకి పోతుంది.
3. కూలర్‌ను 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీలతో, రబ్బరు వాషర్లు వేసి చట్రానికి బిగించాలి. కండెన్సర్ రెక్కల మధ్య నుంచి దూర్చే ప్లాస్టిక్ పుల్లలు పెట్టెలోనే వస్తాయి. వాటిని పెట్టెలోనే ఉంచండి. ఊగి ఊగి కండెన్సర్‌ను అరగదీస్తాయి, ఆ తరువాత ఏసీ గ్యాసు ఖర్చు మీదే.
4. కూలర్ మూతులు పైకి గాని పక్కకు గాని ఉండాలి. కిందికి ఉంటే లోపల గాలి బుడగ నిలిచిపోతుంది.
5. హోసు మీద ఎస్‌ఏఈ జే1532 అని అచ్చు ఉండాలి. అది గేరు ఆయిల్ కోసం చేసినది. పెట్రోలు హోసు, హీటరు హోసు పనికిరావు.

జూలై 13. అన్నీ బిగించాం. కోసిన గొట్టం చివర నున్నగా ఉంది. దాని మీదికి హోసు ఎక్కించి, మరచుట్టు క్లాంపులు రెండేసి వేసి, చేతిలో ఉన్న బలమంతా పెట్టి బిగించాను. ఐదు నిమిషాలు ఇంజను మామూలుగా తిరిగింది, చుక్క కారలేదు. తృప్తిగా యాక్సిలరేటర్ మీద రెండుసార్లు కాలు వేశాను.

కారు పక్కన చాప మీద కూర్చుని టార్చి పట్టుకున్న బావమరిది తాపీగా అన్నాడు: "బావా, కింద ఎర్రగా ఏదో పారుతోంది."

"ఎంత?"

"నా చెప్పు తడిసింది."

ఇంజను ఆపేసరికి పది సెకన్లు పట్టి ఉంటుంది. దాదాపు ముప్పావు లీటరు. వాకిలి వాలుగా ఉంటుంది కాబట్టి ఆయిల్ సన్నని పాయగా వీధి కాలువ వైపు బయల్దేరింది. పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం వాడే, తడి పీల్చే పిల్లి మట్టి సంచి విప్పి అడ్డుకట్ట వేశాం. హోసు చూస్తే క్లాంపులు రెండూ దాని మీద గట్టిగానే ఉన్నాయి. క్లాంపులతో సహా హోసు మొత్తం నున్నని గొట్టం మీద నుంచి జారిపోయింది. ఎంత బిగించినా పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పైగా అతిగా బిగించడంతో క్లాంపు అంచు హోసును కోసేసింది.

మందు చాలా చిన్నది. గొట్టం చివర ఒక ఉబ్బు ఉండాలి, అంతే. బ్రేకు గొట్టాల చివరను రెండు నొక్కుల్లో మడిచే డబుల్ ఫ్లేర్ పనిముట్టు ఉంటుంది కదా, దానితో మొదటి నొక్కు మాత్రమే నొక్కి ఆపేస్తే చివర గుండ్రంగా ఉబ్బుతుంది. హోసును ఆ ఉబ్బు దాటించి, క్లాంపును ఉబ్బుకు వెనక వేయాలి. చీలికలు లేని నున్న పట్టీ క్లాంపులు వాడాను. ట్రాక్ మీద కాకుండా ఇంటి వాకిట్లో ఊడింది కాబట్టి ఇలా తీరిగ్గా రాస్తున్నాను. కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడి ఉంటే రాత వేరుగా ఉండేది.

జూలై 20. ప్రవాహ పరీక్ష. వెనక్కి పోయే హోసు చివరను గీతలున్న డబ్బాలో పెట్టి, ఇంజను మామూలుగా తిరుగుతుండగా ఒక క్వార్ట్, అంటే 0.95 లీటరు, నిండడానికి ఎన్ని సెకన్లో చూడాలి. 20 సెకన్ల లోపు ఉండాలన్నది గేరుబాక్సు మెకానిక్కుల సూత్రం. కూలర్ లేనప్పుడు నాకు 13 వచ్చింది, పెట్టాక 15. నిండగానే ఆపేసి అంతే కొత్త ఆయిల్ తిరిగి పోయాలి. డబ్బాలో వచ్చిన ఆయిల్ రంగు చూడడానికి కూడా ఇదే అవకాశం. ఈ పని కనీసం ఇద్దరుంటేనే చేయండి. ఒకరి కాలు బ్రేకు మీద, ఒకరి కన్ను డబ్బా మీద.

పాత ఆయిల్ వదిలించి డెక్స్రాన్ 6 రకం గేరు ఆయిల్ పోశాను.

ఈ దశ ఖర్చు: కూలర్ 119, నాలుగు మీటర్ల హోసు 44, క్లాంపులు, కలుపుళ్లు 36, పట్టీలు, వాషర్లు 17, ఆయిల్ 12 క్వార్ట్‌లు 96. జారిపోయినందుకు జరిమానా: ఫ్లేర్ పనిముట్టు 39, ఆయిల్ 24, పిల్లి మట్టి 9.

ఇప్పటివరకు: 530 డాలర్లు, 24 గంటలు.

దశ 4: ఆయిల్ చల్లబడింది, ఇంజను వేడెక్కింది

ఆగస్టు 10. బయట 38. 20 నిమిషాలు పూర్తిగా తిరిగాను. ఆయిల్ 108. బాగుంది అనుకునేలోపు నీళ్ల అంకె చూశాను: 111. ఇంటికి వచ్చేదారిలో సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ గాలి గోరువెచ్చగా వస్తోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మొదట తోచిన కారణం: కూలర్ వదిలిన వేడి గాలి రేడియేటర్ మీద పడుతోంది. ఒక కాగితం మీద లెక్క వేశాను. ప్రోబుల ప్రకారం కొత్త కూలర్ ఆయిల్‌ను 17 డిగ్రీలు చల్లబరుస్తోంది. ప్రవాహం ఇంజను మామూలుగా తిరిగేటప్పటిదే తీసుకున్నా, నిమిషానికి 3.8 లీటర్లు, వేడి దాదాపు 2 కిలోవాట్లు. మన ఇళ్ల స్నానాల గదిలో గీజరు అంత. ట్రాక్ వేగంలో ఇంకా ఎక్కువే ఉంటుంది.

కానీ ఆ వాదన నిలబడదు. ఆ గీజరు కొత్తగా పెట్టింది కాదు. ఇంతకుముందు అదే వేడి రేడియేటర్ ట్యాంకులో నీళ్లలోకి పోయేది. ఇప్పుడు కొంత తిన్నగా గాలిలోకి పోతోంది కాబట్టి నీళ్లకు బరువు తగ్గాలి. అయినా పెరిగాయంటే లోపం వేడిలో లేదు, గాలిలో ఉంది. 560 చదరపు సెంటీమీటర్ల పలకను కండెన్సర్‌కు 6 మిల్లీమీటర్ల దూరంలో అతికించినట్టు పెట్టి గాలి దారికి తలుపు వేశాను.

ఇంకో తప్పు కూడా ఇక్కడే తెలిసింది. 35 రోజున 103, 38 రోజున 111 అని పక్కపక్కన రాసి పోల్చుతున్నాను. పోల్చాల్సింది బయటి వేడి కంటే ఎంత ఎక్కువ అన్నది. పాత అంకెలన్నీ అలా తిరగరాశాను:

జూన్ 8: ఆయిల్ 97 ఎక్కువ (14 నిమిషాలకే), నీళ్లు 76
జూన్ 22: ఆయిల్ 94, నీళ్లు 68
ఆగస్టు 10: ఆయిల్ 70, నీళ్లు 73

అంటే కూలర్ వల్ల ఆయిల్‌కు లాభం 24, నీళ్లకు నష్టం 5.

గాలి ఎటు పోతోందో చూడాలి. దానికి పరికరం పూజ గదిలో దొరికింది. కారు ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, ఏసీ వేసి ఫ్యాన్లు తిరుగుతుండగా, వెలిగించిన అగరుబత్తిని కూలర్ ముందు మెల్లగా జరుపుతూ పోయాను. నడిమధ్యన పెడితే పొగ కాసేపు తటపటాయించి, పక్కకు తిరిగి, కూలర్ అంచు చుట్టూ వంక కొట్టి పోతోంది. అంచు దగ్గర పెడితే తాడు లాగినట్టు సందులోకి దూసుకుపోతోంది. పైన, రేడియేటర్‌కు దాని చట్రానికి మధ్య బొటనవేలంత సందులో ఇంకా వేగంగా పోతోంది. ఆ గాలికి రేడియేటర్‌తో పనే లేదు. మూడు అగరుబత్తులు అయ్యేసరికి సందుల పటం మొత్తం చేతికొచ్చింది. "ఈ పూజ ఏ దేవుడికి?" అని మా ఆవిడ గ్యారేజీ గుమ్మంలో నిలబడి అడిగింది. చెప్పాను. నమ్మలేదు.

మార్పులు ఈ వరసలో:

1. కూలర్‌ను 45 మిల్లీమీటర్లు ముందుకు, కాస్త కిందికి జరిపాను. దాని వెనక గాలి పరుచుకోవడానికి చోటు దొరికింది.
2. రబ్బరు పలక నుంచి కండెన్సర్ దాకా రెండు పక్కలా ప్లాస్టిక్ రేకు గోడలు కట్టాను.

సెప్టెంబరు 14, బయట 33: ఆయిల్ 109, నీళ్లు 103. ఎక్కువ లెక్కలో 76, 70. నీళ్లు మెరుగుపడ్డాయి, ఆయిల్ చెడింది. మళ్లీ అగరుబత్తి. గోడల అంచుల దగ్గర, పైన బొటనవేలి సందులో పొగ ఇంకా పోతూనే ఉంది.

3. అన్ని అంచులకూ మూసిన రంధ్రాల నురుగు పట్టీ అతికించాను. మామూలు స్పాంజి పెడితే నీళ్లు పీల్చి ఊడిపోతుంది.

సెప్టెంబరు 28, బయట 34: ఆయిల్ 106, నీళ్లు 101. ఎక్కువ లెక్కలో 72, 67. నీళ్లు కూలర్ లేనప్పటి స్థితికి వచ్చేశాయి, ఆయిల్ లాభం 22 నిలిచింది. గొట్టాల మీద అంకెలు: గేరుబాక్సు నుంచి 128, రేడియేటర్ దాటాక 112, కూలర్ దాటాక 95. అన్ని ఖర్చుల్లోకీ గిట్టుబాటయింది ఈ నురుగు పట్టీయే. పెద్ద కూలర్ కొని ఉంటే ఆ తలుపు ఇంకా పెద్దదయ్యేది.

అదే రోజు ఖర్చు లేని ప్రయోగం ఒకటి. చివరి చుట్టు నాలుగో గేరులో, లాకప్ పట్టుకునేలా, నిదానంగా తిరిగాను. ఒక్క చుట్టులో ఆయిల్ 106 నుంచి 97కు దిగింది. 119 డాలర్ల వస్తువు చేసే పనిలో మూడో వంతుకు పైగా కుడికాలు ఒక్కటే చేసింది. చల్లార్చే చుట్టు వేయకుండా తిన్నగా వచ్చి ఇంజను ఆపేస్తే మాత్రం గొట్టాల్లో ఆయిల్ కదలకుండా కాగుతూ ఉండిపోతుంది.

వెనక గేరుబాక్సు పక్కనే ఫ్యాన్ ఉన్న కూలర్ పెడితే ఇంత గొట్టం ప్రయాణం ఉండదు కదా అని బావమరిది అడిగాడు. ఆలోచించాను. కారు కింద వెనక వైపు సైలెన్సర్ వేడి, రాళ్లు, ఫ్యాన్‌కు వైర్లు, రిలే. వద్దనుకున్నాను.

ఈ దశ ఖర్చు: రేకు, నురుగు పట్టీ 31. అగరుబత్తులు ఇంటివే.

ఇప్పటివరకు: 561 డాలర్లు, 31 గంటలు.

దశ 5: చలికాలం, నా మట్టం తప్పు

డిసెంబరు 7. పొద్దున్న బయట 3. ఆఫీసుకు 22 నిమిషాలు. చేరేసరికి గేరు ఆయిల్ 46. గేర్లు ఆలోచించి ఆలోచించి పడుతున్నాయి. ఆవకాయ నూనె జనవరిలో జాడీ అడుగున పేరుకున్నట్టు ఉంటుంది చల్లటి ఆయిల్. అతిగా చల్లార్చడం కూడా గేరుబాక్సుకు హాని అని చదివి ఉన్నాను, టెక్సస్‌లో మనకెందుకులే అనుకున్నాను.

82 దగ్గర తెరుచుకునే బైపాస్ థర్మోస్టాట్ కొని కూలర్‌కు ముందు వేశాను. ఆయిల్ అంతకంటే చల్లగా ఉన్నంత సేపు అది కూలర్‌కు పోకుండా తిన్నగా వెనక్కి పంపుతుంది. బిగింపు రెండు గంటల పని, కష్టమేమీ లేదు. కూలరు, హోసులు ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఆయిల్ మట్టం చూడడానికి ఈ కారులో ముంచి తీసే పుల్ల లేదు. గేరుబాక్సు పక్కన ఒక మర ఉంటుంది. కారు సమంగా నిలిచి, ఇంజను తిరుగుతూ, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఆ మర విప్పితే రంధ్రం అంచున ఆయిల్ సన్నగా కారాలి. నాలుగు స్టాండ్ల మీద లేపి, రసమట్టం పెట్టి సరిచూసుకుని, మర విప్పాను. కారింది. మూసేశాను. అప్పుడు డాష్‌బోర్డులో ఉన్నది 70. ఇరవై డిగ్రీలే కదా అనుకున్నాను.

డిసెంబరు 14. కుడివైపు తిరిగే ర్యాంపు మీద రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజను 400 ఆర్‌పీఎం ఊరికే పైకి లేచింది. ఎడమ మలుపులో లేదు. తిన్నగా పోయేటప్పుడు లేదు. క్లచ్ పలకలు పోయాయని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లెక్క వేస్తే దొంగ దొరికాడు, ఇద్దరు దొంగలు.

ఒకటి: 10 లీటర్ల ఆయిల్ 25 డిగ్రీలు ఎక్కువ కాగితే సుమారు 0.2 లీటరు ఉబ్బుతుంది. ఉబ్బిన ఆయిల్ రంధ్రం దగ్గర నన్ను మోసం చేసింది.

రెండు: 70 దగ్గర థర్మోస్టాట్ ఇంకా మూసే ఉంది. ఖాళీ చేసిన కూలరు, హోసులు ఖాళీగానే ఉన్నాయి. మట్టం సరిపోయిందని నేను మూసేశాక, రోడ్డు మీద 82 దాటగానే థర్మోస్టాట్ తెరుచుకుని 0.7 లీటరు అందులోకి పోయింది.

సరైన వరస ఇది. బైపాస్ పెట్టినవారంతా పాటించాలి:

1. ముందు చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి నింపాలి.
2. కూలర్ హోసు వేలికి వేడి తగిలేదాకా నడపాలి. అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది.
3. 45కు దిగేదాకా ఆగాలి. నాకు మూడున్నర గంటలు పట్టింది.
4. మళ్లీ మట్టం చూసి తగ్గినంత పోయాలి.

నాకు పట్టింది సరిగ్గా 0.9 లీటరు. ఆ ర్యాంపు మీద పదిసార్లు తిరిగాను, 400 లేవడం పోయింది. డిసెంబరు 20, పొద్దున్న బయట 4, ఆఫీసు చేరేసరికి ఆయిల్ 74.

ఈ దశ ఖర్చు: బైపాస్ 94, కలుపుళ్లు 22, ఆయిల్ 16.

మొత్తం: 693 డాలర్లు, 36 గంటలు.

డిసెంబరు 28. కారు కింద పరచిన తెల్ల అట్టముక్క మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ. బైపాస్ కలుపు దగ్గర చెమ్మ. ఎనిమిదో వంతు తిప్పి బిగించి అట్ట మార్చాను. మూడు రోజులైంది, అట్ట తెల్లగానే ఉంది. జూన్‌లో 36 ఉన్న రోజు చూసుకుని బైపాస్‌తో మళ్లీ 20 నిమిషాలు తిరగాలి. తెరుచుకున్నాక కూడా అది కొంత ఆయిల్‌ను దొంగదారిన పోనిస్తోందా అన్నది అప్పటి రెండు ప్రోబులే చెప్పాలి. అట్టముక్కను అప్పటిదాకా తీయను.